శస్త్రోపసంహారం: ఒక రక్షకుని స్మృతిలో

శ్రీ గురుభ్యో నమః.

విజయవాడ నగరానికి ఆ పేరు విజయుని వలన వచ్చిందని స్థలపురాణం చెబుతున్నది. విజయుడనగా అర్జునుడు. కృష్ణాతీరమందలి ఇంద్రకీలాద్రిపై ఆయన ఘోరతపస్సు ఆచరించి, కిరాతరూపధారియైన పరమేశ్వరునితో పోరాడి, చివరకు ఆ స్వామి అనుగ్రహంతోనే పాశుపతాస్త్రాన్ని పొందాడని ఈ ప్రాంతీయుల విశ్వాసం. ఆ కొండమీదనే మహిషాసురమర్దినియైన కనకదుర్గాంబ సాయుధహస్తాలతో కొలువై ఉన్నది. శరన్నవరాత్రుల సందర్భంలో నగర పోలీసుశాఖ పక్షాన అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పించే ఆచారం ఇక్కడ ఉన్నది. వన్‌టౌన్ పోలీస్‌స్టేషన్ నుండి మేళతాళాలతో బయలుదేరి, నగరరక్షణకు బాధ్యుడైన అధికారి సారెను స్వయంగా మోసుకొని కొండ ఎక్కుతాడు. ఏడాది పొడవునా ఆయుధం ధరించి తిరిగేవారు ఆయుధధారిణియైన తల్లి ముందు శిరస్సు వంచే దృశ్యమది.

ఇంచుమించు ఆ రోజులలోనే, అక్టోబరు 21వ తేదీన, మరొక దృశ్యం కనిపిస్తుంది. అది పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. 1959లో ఆ రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో 10 మంది భారతీయ పోలీసులు ప్రాణత్యాగం చేశారు. నాటి నుండి దేశమంతటా ఆ తిథి విధినిర్వహణలో మరణించిన పోలీసుల స్మృతికి అంకితమైంది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యక్రమం విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో పలుమార్లు జరిగింది. ఆ ఏడాది మరణించినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. బ్యూగిల్ విషాదస్వరం పలుకుతుంది. వరుసలలో నిలిచినవారు తమ తుపాకులను తలక్రిందులు చేసి, గొట్టం భూమివైపు ఉంచి, తల వంచి నిలబడతారు.

ఈ తలక్రిందులైన ఆయుధం సాధకుడు ధ్యానించదగిన ప్రతీక. సహచరుణ్ణి కోల్పోయిన సాయుధుని మనస్సులో శోకం మాత్రమే ఉండదు. శోకం వెనువెంటనే క్రోధం వస్తుంది. ఆ క్రోధానికి చేతికి అందుబాటులోనే సాధనం ఉన్నది. అయినా శోకసమయంలో ఆ సాధనాన్ని నేలవైపు త్రిప్పి పట్టుకొనమని విధి శాసిస్తున్నది. శ్రద్ధాంజలి అనే కర్మకు అర్థం ఏమిటో, అది ఎవరికి ఎంత కఠినమైన సాధనయో తెలిసికొనడానికి కృష్ణా డెల్టా కన్న ఒక పోలీసు అధికారి జీవితమరణాలు ఆలంబనం కాగలవు.

ఆయన శ్రీ చదలవాడ ఉమేశ్‌చంద్ర. 1966లో గుంటూరు జిల్లా అమృతలూరు మండలం పెదపూడి గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బాపట్ల జిల్లాలో ఉన్నది. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి ఆపిన కృష్ణాజలం రెండుగా చీలుతుంది. ఎడమవైపు కాలువలు తూర్పు డెల్టాకు, కుడివైపు కాలువలు పశ్చిమ డెల్టాకు నీరు మోసుకొని పోతాయి. పశ్చిమ డెల్టాలో తెనాలికి దిగువన, వరిపొలాల మధ్య ఉన్న గ్రామాలలో పెదపూడి ఒకటి. ఉమేశ్‌చంద్ర 1991వ సంవత్సరపు బృందంలో భారతీయ పోలీసు సేవలో ప్రవేశించారు. వరంగల్లు, కడప, కరీంనగరం వంటి కఠినప్రదేశాలలో పనిచేశారు.

ఆ కాలంలో కడప జిల్లా గ్రామకక్షలకు ఆలవాలమై ఉండేది. వంశపారంపర్యంగా వచ్చే పగ, నాటుబాంబు, దానికి ప్రతిగా మరొక నాటుబాంబు. ఊరిలో ఒక శవం లేచిన నాడే మరుసటి శవం ఎవరిదో నిర్ణయమయ్యేది. అటువంటి జిల్లాకు పోలీసు సూపరింటెండెంటుగా వచ్చిన యువ అధికారిని ప్రజలు ‘కడప పులి’ అని పిలుచుకున్నారు. ప్రభుత్వం ఇచ్చే బిరుదులు పదవితో ముగుస్తాయి. జనం నోట పుట్టిన పేరు మాత్రం అధికారి బదిలీ అయిన తరువాత, మరణించిన తరువాత కూడా నిలుస్తుంది. నేటికీ కడపలో పోలీసుశాఖకు చెందిన కల్యాణమండపం ఉమేశ్‌చంద్ర పేరిటనే ఉన్నది. గుంటూరు పోలీసు కార్యాలయంలోని సమావేశమందిరం కూడా ఆయన పేరునే ధరించింది.

హతుడైన ఒక అధికారి పేరున కల్యాణమండపం ఉండడం సామాన్యదృష్టికి వింతగా తోచవచ్చును. కాని తత్త్వదృష్టితో చూస్తే ఇంతకంటె ఉచితమైన స్మారకం లేదు. రాజధర్మానికి పరమప్రయోజనం ఏమిటని ప్రశ్నిస్తే, శాస్త్రం చెప్పే సమాధానం చాలా సరళంగా ఉంటుంది. ప్రజలు తలుపులు తీసి నిద్రించగలగాలి. వర్తకుడు మార్గంలో నిర్భయంగా నడవాలి. కన్యకు వివాహం జరగాలి, యజ్ఞం సాగాలి, పంట ఇంటికి చేరాలి. కాపలా ఉన్నందువల్లనే పందిరి నిలుస్తుంది. పందిరిలో కూర్చున్నవారికి కాపలావాడు గుర్తుకు రాకపోవడమే అతని పనికి సాఫల్యం.

1999 సెప్టెంబరు 4వ తేదీన, రాష్ట్రంలో ఎన్నికల కోలాహలం నడుస్తున్న సమయంలో, ఉమేశ్‌చంద్ర ప్రయాణిస్తున్న కారు హైదరాబాదు సంజీవరెడ్డి నగర్ కూడలిలో ట్రాఫిక్ సిగ్నల్ వద్ద ఆగింది. అక్కడ పొంచి ఉన్న పీపుల్స్‌వార్ సంస్థ సభ్యులు కాల్పులు జరిపారు. వాహనంలోని అంగరక్షకుడు, డ్రైవరు మరణించారు. ఉమేశ్‌చంద్ర వద్ద ఆ సమయంలో ఆయుధం లేదు. అయినా ఆయన కారు దిగి, హంతకులను తరుముతూ పరుగెత్తారు. నిరాయుధుడని గ్రహించిన వారు వెనుదిరిగి కాల్చారు. ఆయన ఆ వీథిలోనే నేలకొరిగారు. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరాలు.

ఆ కూడలిలో ఇప్పుడు ఆయన విగ్రహం ఉన్నది. సెప్టెంబరు 4 వచ్చినప్పుడు అధికారులు, బంధుమిత్రులు అక్కడకు వచ్చి పుష్పమాలలు సమర్పిస్తారు, సెల్యూట్ చేస్తారు. సహచరులు ఆయనను తలచుకున్న ప్రతిసారీ చెప్పే మాట ఒక్కటే. చేతిలో ఏమీ లేకుండానే తరిమారు. ఆయన పరిష్కరించిన కేసులు, పొందిన పదవులు దాని తరువాతనే. ఒక వ్యక్తి మరణానంతరం అతని సహచరులు దేనిని మొదట స్మరిస్తారో, దానిలోనే అతని స్వభావసారం నిక్షిప్తమై ఉంటుంది.

వ్యవహారదృష్టితో ఆలోచించేవారు, ఆయుధం లేనివాడు ఆయుధధారుల వెంట పరుగెత్తడం అవివేకం కాదా అని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పోలీసు శిక్షణ కూడా అట్లా చేయమని బోధించదు. కాని ఆ క్షణం విచారణకు అవకాశం ఇచ్చే క్షణం కాదు. విచారణకు అవకాశం లేనప్పుడు మనిషి చేసే పనిలో, అంతకుముందు ఏండ్ల తరబడి అతడు తనలో సంపాదించుకొన్న సంస్కారం బయటపడుతుంది. గీతాచార్యుడు 18వ అధ్యాయంలో క్షాత్రస్వభావాన్ని వివరిస్తూ, శౌర్యంతో పాటు సంగ్రామంలో వెన్ను చూపకపోవడాన్ని కూడా స్వభావసిద్ధమైన కర్మలలో చేర్చాడు. స్వభావసిద్ధం అన్న మాట ఇక్కడ ముఖ్యం. అది సంకల్పించి తెచ్చుకొనే ధైర్యం కాదు, ఊపిరివలె తనంతట తాను నడిచేది.

అదే గీత 16వ అధ్యాయంలో దైవీసంపదను గణిస్తూ భగవానుడు అభయాన్ని అన్నిటికంటె ముందు నిలిపాడు. అభయానికి రెండు ముఖాలు ఉన్నాయి. తాను భయపడకపోవడం మొదటిది. తన వలన ఇతరులకు భయం లేకుండా చేయడం, ఇతరుల భయాన్ని తొలగించడం రెండవది. సన్న్యాసి దీక్ష స్వీకరించే సమయంలో సర్వప్రాణులకు అభయమిస్తాడు. నా వలన ఏ జీవికీ భయం కలుగదని ప్రతిజ్ఞ చేసి, దండం తప్ప మరేమీ లేకుండా ఇల్లు విడుస్తాడు. రక్షకభటుడు కూడా అభయప్రదాతయే. కాని ఆయన ఇచ్చే అభయం కొందరికి భయం కలిగించడం ద్వారా మాత్రమే సిద్ధిస్తుంది. దొంగకు భయం కలిగితేనే గృహస్థుకు అభయం. సన్న్యాసి చేతిలోని దండం ఆత్మనిగ్రహానికి చిహ్నం, రాజపురుషుని చేతిలోని దండం లోకనిగ్రహానికి సాధనం. రెండింటికీ ఒకే పేరు ఉండడం యాదృచ్ఛికం కాదు. మొదటిది లేనివాని చేతిలో రెండవది ఉండరాదని పెద్దల అభిప్రాయం.

ఇక్కడ సాధకుడు తప్పించుకొనరాని ఒక కఠినప్రశ్న ఎదురవుతుంది. ఆ దశాబ్దాలలో తెలుగునేల మీద మరణించినవారు ఒక్క పక్షంవారు కారు. నక్సలైట్ల చేతిలో పోలీసులు, ప్రజాప్రతినిధులు, సామాన్య గ్రామీణులు హతులయ్యారు. పోలీసు కాల్పులలో యువకులు, విద్యార్థులు, రైతుకూలీల బిడ్డలు హతులయ్యారు. ఎన్‌కౌంటర్ల పేరిట జరిగిన మరణాలపై పౌరహక్కుల సంఘాలు ప్రశ్నించాయి. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఫిర్యాదులను విచారించిన జాతీయ మానవహక్కుల సంఘం, అట్టి ప్రతి మరణంపైనా నియమబద్ధమైన దర్యాప్తు జరగాలని 1997లో రాష్ట్రాలన్నిటికీ సూచించింది. రక్షకుని కీర్తించేవాడు ఈ అధ్యాయాన్ని మూసివేసి ముందుకు పోతే, అతని కీర్తన భట్రాజు పొగడ్తయే అవుతుంది. దండాన్ని గురించి ఇంత విస్తారంగా చెప్పిన భీష్ముడే, ప్రమాణం తప్పిన దండం ప్రయోగించిన రాజునే నశింపజేస్తుందని ధర్మరాజును హెచ్చరించాడు.

మరొక విచిత్రం కూడా ఈ కథలో ఉన్నది. 1980లో పీపుల్స్‌వార్ సంస్థను స్థాపించిన కొండపల్లి సీతారామయ్య కృష్ణా జిల్లావాడే. తూర్పు డెల్టాలో, గుడివాడ ప్రాంతంలోని జొన్నపాడు గ్రామంలో పెరిగాడు. 1990ల ఆరంభంలోనే తాను నెలకొల్పిన సంస్థకు దూరమై, 2002లో విజయవాడలో కన్నుమూశాడు. ఉమేశ్‌చంద్ర హత్యనాటికి ఆయనకు ఆ సంస్థలో స్థానం లేదు. కాని నదిని తలచుకొన్నప్పుడు మనస్సు చలించక మానదు. ప్రకాశం బ్యారేజి వద్ద ఎడమకు చీలిన నీరు ఒక గ్రామాన్ని పోషించింది, కుడికి చీలిన నీరు మరొక గ్రామాన్ని పోషించింది. అన్యాయాన్ని సహించలేని మనుష్యులు రెండు గట్ల మీదా పుట్టారు. ఒకరు ఆయుధంతోనే న్యాయం వస్తుందని నమ్మి అడవికి దారి వేశారు. మరొకరు శాసనబద్ధమైన దండంతోనే శాంతి నిలుస్తుందని నమ్మి ఖాకీ ధరించారు. మొదటివాని చేతిమీదుగా పుట్టిన సంస్థ రెండవవానిని బలిగొన్నది. కురుక్షేత్రంలో ఇరువైపులా నిలిచినవారు ఒకే వంశవృక్షపు కొమ్మలని వ్యాసభగవానుడు చెప్పినది పురాణకాలానికే పరిమితమైన సత్యం కాదు.

ఇరుపక్షాలూ సమానమని ఈ మాటకు అర్థం చెప్పరాదు. పొంచి ఉండి నిరాయుధుణ్ణి చంపడం ఏ ధర్మశాస్త్రమూ అంగీకరించని పని. ఆ పనిని పాపమని చెప్పడానికి సందేహించవలసిన అవసరం లేదు. అయితే పాపాన్ని పాపమని గుర్తించిన తరువాత, దానికి బదులు ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం తెలియక తెలుగుదేశం చాలాకాలం రక్తం ఓడ్చింది.

అదే సంవత్సరం డిసెంబరు 2న పీపుల్స్‌వార్ అగ్రనాయకులు ముగ్గురు మరణించారు. కరీంనగర్ జిల్లాలో జరిగిన ఎన్‌కౌంటర్‌లో మరణించారని పోలీసులు ప్రకటించగా, హక్కుల సంఘాలు ఆ కథనాన్ని అంగీకరించలేదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2000 డిసెంబరు 2న, ఆ ముగ్గురి స్మృతిలో ఆ సంస్థ తన గెరిల్లా సైన్యాన్ని నెలకొల్పింది. ఇటు సంస్మరణ దినం, అటు అమరుల వారోత్సవం. ఇటు విగ్రహం, అటు స్తూపం. ఇరువైపులా శోకం నిజమైనదే. ఇరువైపులా కన్నతల్లుల కన్నీరు ఒకే ఉప్పదనం కలది. కాని శ్రద్ధాంజలి ముగిసిన చోట ఆయుధం మళ్లీ చేతికి వస్తే, ఆ స్మృతి మరొక మరణానికి బీజమవుతున్నది. మృతులకు తర్పణం విడిచిన చేయి తడి ఆరకముందే ఇంకొకరికి తర్పణం సిద్ధం చేస్తున్నది.

భారతంలో ఈ సత్యాన్ని ప్రకాశింపజేసే ఘట్టం సౌప్తికపర్వంలో ఉన్నది. అశ్వత్థామ తండ్రిని కోల్పోయినవాడు. ద్రోణాచార్యుడు అస్త్రసన్న్యాసం చేసి, రథంపై యోగనిష్ఠలో ఉన్నప్పుడు శిరస్సు ఖండింపబడింది. కనుక అశ్వత్థామ శోకానికి కారణం ఉన్నది, అతని ఫిర్యాదులో న్యాయాంశం ఉన్నది. కాని ఆ శోకం ప్రతీకారమై, అర్ధరాత్రి నిద్రిస్తున్నవారిపై పడింది. ద్రౌపది కుమారులు ఐదుగురూ నిద్రలోనే మరణించారు. తండ్రికి శ్రద్ధాంజలి ఘటిస్తున్నాననుకొన్నవాడు శిశుహంతకుడైనాడు.

తరువాత పాండవులు వెంబడించగా అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగించాడు. అర్జునుడు ప్రత్యస్త్రం వేశాడు. రెండు అగ్నుల మధ్య లోకం దగ్ధమయ్యే స్థితి ఏర్పడినప్పుడు వ్యాసనారదులు వచ్చి నడుమ నిలిచారు. అస్త్రాలను ఉపసంహరించండని ఇరువురినీ ఆదేశించారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకొన్నాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. ప్రయోగం మాత్రమే నేర్చినవాడు అశ్వత్థామ. ఉపసంహారం కూడా నేర్చినవాడు అర్జునుడు. ఉపసంహారానికి బ్రహ్మచర్యం, సత్యవ్రతం, గురుభక్తి వంటి తపోబలం కావాలని భారతం స్పష్టంగా చెబుతున్నది. అస్త్రం వేయడానికి భుజబలం చాలు. వేసిన అస్త్రాన్ని మరలించడానికి చిత్తశుద్ధి కావాలి.

ఇంద్రకీలాద్రి కథలోని అంతరార్థం కూడా ఇదే. పరమశివుడు పాశుపతాన్ని అనుగ్రహిస్తూ, దానిని తొందరపడి అల్పులపై ప్రయోగించరాదని అర్జునుని హెచ్చరించాడు. తరువాత ఒకనాడు అన్నగారి కోరికపై అర్జునుడు తాను సంపాదించిన దివ్యాస్త్రాలను చూపడానికి సిద్ధమైనప్పుడు భూమి కంపించింది. నారదమహర్షి వచ్చి, లక్ష్యం లేక, అవసరం లేక దివ్యాస్త్రాలను తీయరాదని వారించాడు. ప్రదర్శనకై కూడా తీయరాదన్నమాట. తపస్సు చేసి సంపాదించిన ఆయుధాన్ని ఎప్పుడు ఉపయోగించకూడదో తెలియడంలోనే ఆ తపస్సుకు పూర్తిఫలం ఉన్నది. పట్టువస్త్రాలు మోసుకొని ఆ కొండ ఎక్కే అధికారి అమ్మవారిని ఏమి ప్రార్థిస్తాడో ఆయన మనస్సుకే తెలియాలి. ప్రార్థించదగినది మాత్రం ఈ వివేకమే.

ఇప్పుడు సంజీవరెడ్డి నగర్ కూడలిలోని ఆ క్షణాన్ని మళ్లీ చూడవలసి ఉన్నది. ఉమేశ్‌చంద్ర చేతిలో ఆయుధం లేదు. అంతవరకూ ఆయన జీవితంలో అధికారచిహ్నంగా, రక్షణసాధనంగా ఉన్నదంతా ఆ క్షణంలో లేదు. హోదా లేదు, పటాలం లేదు, పక్కనున్న ఇద్దరు సహచరులూ తూటాలకు గురయ్యారు. అన్నీ తొలగిన తరువాత మిగిలినది అభయం ఒక్కటే. ఆయుధం వలననే ధైర్యం వస్తుందని లోకం అనుకొంటుంది. ఆయుధం లేనప్పుడు కూడా మిగిలిన ధైర్యం ఆ అభిప్రాయాన్ని ఖండిస్తున్నది. అభయం ఉన్నవాని చేతిలో మాత్రమే ఆయుధం అదుపులో ఉంటుంది. భయం ఉన్నవాని చేతిలో అది తనంతట తానే పేలుతుంది. ప్రమాణం తప్పిన దండప్రయోగాలలో ఎన్నింటికి మూలం క్రౌర్యమో, ఎన్నింటికి మూలం భయమో నిజాయితీగా విచారించుకొన్న రక్షకభటుడు తన సాధనను అక్కడ నుండే ఆరంభించగలడు.

ఆయనతో మరణించిన అంగరక్షకుణ్ణి, డ్రైవరును కూడా ఇక్కడ తలచుకొనడం ధర్మం. కూడలిలో నిలిచిన విగ్రహం ఒక్కరిదే. జనం జ్ఞాపకంలో ఉన్న పేరు ఒక్కరిదే. ఆ ఇద్దరూ కూడా ఆ ఉదయం తమ ఇళ్లలో తల్లికో భార్యకో చెప్పి విధికి బయలుదేరినవారే. ఫలాపేక్ష లేని కర్మ అనే మాటకు ఉదాహరణ వెదికేవారు శాస్త్రగ్రంథాలు విప్పకముందు ఇటువంటి అనామకులను చూడవచ్చును. 2018లో ఢిల్లీలోని చాణక్యపురిలో ప్రారంభమైన జాతీయ పోలీసు స్మారకంలో, స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి విధినిర్వహణలో మరణించిన 34,000 మందికి పైగా పోలీసుల పేర్లు శిలలపై చెక్కారు. వారిలో అత్యధికుల పేర్లు వారి గ్రామం దాటి ఎవరికీ తెలియవు. పేరు తెలియకపోవడం వలన ఆ కర్మకు లోపం రాలేదు. కాని పేరు తెలుసుకొనకపోవడం వలన బ్రతికున్నవారి కృతజ్ఞతకు లోపం వస్తుంది.

మరి సహచరులు చేయవలసిన శ్రద్ధాంజలి ఎట్టిది? శ్రద్ధ, అంజలి అనే రెండు పదాల కలయిక అది. పితృకార్యానికి శ్రాద్ధమనే పేరు కూడా శ్రద్ధ నుండియే వచ్చింది. శ్రద్ధతో చేయబడునది శ్రాద్ధం. పితృఋణం పిండప్రదానంతో మాత్రమే తీరదని, పితరులు నడచిన ధర్మమార్గంలో నడచినప్పుడే తీరుతుందని పెద్దలు చెబుతారు. ఒక రక్షకునికి అతని సహచరులు పడిన ఋణం కూడా అటువంటిదే. అతడు ఎవరికి అభయమిచ్చాడో వారికి అభయం కొనసాగించడమే ఆ ఋణవిమోచనం. స్టేషన్ మెట్లు ఎక్కడానికి భయపడే పేదరాలు, అప్పులవాని బెదిరింపునకు ఊరు విడిచిన కౌలురైతు, అర్ధరాత్రి బస్సు దిగి ఒంటరిగా నడిచే ఆడబిడ్డ, వీరు ఖాకీ రంగును చూచినప్పుడు ఊరట పొందితే ఆ అమరునికి తర్పణం అందినట్లే. వీరు ఆ రంగును చూచి భయపడితే, విగ్రహానికి వేసిన మాల ఎంత పెద్దదైనా వాడిన పూవులే.

అంజలి అనగా రెండు చేతులను జోడించడం. జోడించిన చేతులలో ఆయుధం ఇమడదు. చేతులు జోడించినంతసేపైనా ఆయుధాన్ని పక్కన పెట్టవలసిందే. ఈ చిన్న శారీరకసత్యంలో ఎంతో ఉపదేశం ఉన్నది.

భాగవతం ప్రథమస్కంధంలో ఈ ఘట్టానికి ముగింపు ఇంకా ఉన్నతంగా కనిపిస్తుంది. పోతనామాత్యుని అనుగ్రహం వలన తెలుగువారికి అది సుపరిచితం. అర్జునుడు అశ్వత్థామను బంధించి, పుత్రశోకంతో కుమిలిపోతున్న ద్రౌపది ముందుకు తెచ్చాడు. ఐదుగురు కుమారుల శవాలు చూచిన తల్లి ఆమె. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఖడ్గం పని పూర్తిచేస్తుంది. కాని ఆమె నమస్కరించి, ఇతనిని విడిచిపెట్టమని కోరింది. నేను ఏడ్చినట్లు ఇతని తల్లి ఏడవరాదని ఆమె భావం. లోకంలో ఎవరికైనా ప్రతీకారం కోరే అధికారం ఉంటే అది ఆ తల్లికే ఉండాలి. ఆ అధికారాన్ని ఆమె స్వయంగా ఉపసంహరించుకొన్నది.

అయితే అశ్వత్థామ శిక్ష లేకుండా పోలేదు. శిరోమణి తొలగించారు, శిరోజాలు ఖండించారు, శిబిరం నుండి వెళ్లగొట్టారు. అపరాధానికి దండం పడింది, కాని ప్రతీకారానికి ప్రాణం పోలేదు. దండానికీ ప్రతీకారానికీ మధ్య ఉన్న గీత ఇక్కడ సుస్పష్టం. దండం అపరాధంతో ఆరంభమై శిక్షతో ముగుస్తుంది. ప్రతీకారానికి ముగింపు లేదు, దానికి మరుసటి తరం వారసత్వంగా వస్తుంది. దండం చేసేవాడు ధర్మాసనానికి జవాబుదారి. ప్రతీకారం చేసేవాడు తన కోపానికి మాత్రమే జవాబుదారి. పగకు పగ తీర్చుకొనే ఊళ్లలో శాంతి నిలపడానికి పనిచేసిన ఒక అధికారికి, పగతో నివాళి అర్పించడం ఆయన చేసిన పనిని తిరిగి చెరిపివేయడమే.

ద్రౌపది మాటలో మరొక సూక్ష్మం ఉన్నది. ఆమె తన శోకాన్ని తగ్గించుకొనలేదు, మరచిపోలేదు. శోకం ఎంత లోతైనదో స్వయంగా తెలిసినందువల్లనే ఇంకొక తల్లికి అది వద్దన్నది. శోకాన్ని జయించిన తరువాత క్షమ వస్తుందని సామాన్యంగా అనుకొంటారు. ఇక్కడ శోకంలో నుండియే క్షమ పుట్టింది. సహచరుణ్ణి కోల్పోయిన సాయుధునికి ఇదే మార్గం. శోకించవద్దని అతనికి ఎవరూ చెప్పరాదు. ఆ శోకం ఎంత దుర్భరమో తెలిసిన నీవే, నీ చేతి మీదుగా అన్యాయంగా మరొక ఇంటికి అది చేరకుండా కాపాడమని మాత్రం చెప్పవచ్చును.

అక్టోబరు 21న బ్యూగిల్ ధ్వని ఆగిన తరువాత, పతాకానికి వందనం చేసిన తరువాత, వరుసలు విడిపోతాయి. తలక్రిందులైన తుపాకులు మళ్లీ భుజాలపైకి వస్తాయి. రావలసిందే. దండం లేని రాజ్యంలో బలహీనునికి రక్షణ లేదు. ఆ కొద్ది నిమిషాలు ఆయుధాన్ని నేలవైపు ఉంచిన చేతులు, తిరిగి దానిని ఎత్తుకొన్నప్పుడు కూడా ఆ నిమిషాలను మరువకుండా ఉంటే, అదే ఆ అమరులకు అందే తర్పణం. ఆ సాయంత్రం వారిలో కొందరు ప్రకాశం బ్యారేజి మీద కాపలాకు నిలబడతారు. ఒకవైపు ఇంద్రకీలాద్రి దీపాలు, క్రింద రెండు కాలువలకూ పంచబడుతున్న ఒకే నది, వంతెన మీద నిశ్చింతగా ఇంటికి పోతున్న జనం. ఆ నిశ్చింతకు వెనుక ఎవరున్నారో వారికి తెలియనక్కరలేదు. కాపలా ఉన్నవానికి తెలిస్తే చాలు.

శ్రీ ఉమేశ్‌చంద్రకు, ఆయనతో పాటు నేలకొరిగిన ఇద్దరికి, విధినిర్వహణలో అసువులు బాసిన రక్షకులందరికీ సద్గతి కలుగుగాక. వారిని కోల్పోయిన ఇళ్లకు శాంతి కలుగుగాక. ఆయుధం ధరించిన ప్రతి చేతికీ ఉపసంహారవిద్య సిద్ధించుగాక.

స్వస్తి.